అల్లుడి తుపాకి, మామగారి సందేహం

(చెన్నై మౌంట్ రోడ్డులోని ఒక తుపాకుల దుకాణంలో మరమ్మతు పనివారిగా చాలాకాలం పనిచేసి విరమించిన మా శీర్షికాకర్త పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: అయ్యా, నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వయసు అరవై ఆరు. మా అల్లుడు టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో దగ్గర ఉంటాడు. అక్కడి పౌరుడే. నవంబరులో మేము వెళుతున్నాం. ఈ ఏడాది జింకల వేటకు రైఫిల్ కొని నన్నూ వెంట తీసుకెళతానంటున్నాడు. ఇంతకు ముందు ఇద్దరం ఏనాడూ తుపాకి పట్టలేదు. దుకాణంలో .30-06 అనే తూటా వాడే రైఫిల్ కొనమన్నారట. ఆఫీసు మిత్రుడొకరు .243 చాలన్నాడట. మరొకాయన 6.5 క్రీడ్‌మూర్ తప్ప వేరే మాటే వద్దన్నాడట. పైగా పెట్టెల మీద 100, 140, 150, 180 గ్రెయిన్లు అని అంకెలు. ఏది మంచిది?
— ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: 6.5 క్రీడ్‌మూర్ కొనమనండి. బుల్లెట్ బరువు 140 గ్రెయిన్లకు కాస్త అటూఇటూగా, మెత్తటి ముక్కుది, అంటే మొన దగ్గర సీసం బయటికి కనిపించేది. ఆ పేరు వింటేనే నాకు కొంచెం చిరాకు. 2007లో పుట్టిన తూటా, అంతకు ముందు జింకలే చావలేదన్నట్టు మాట్లాడతారు దాని భక్తులు. అయినా మీ ఇద్దరి సంగతి చూస్తే అదే సరిపోతుంది.

ముందు ఆ గ్రెయిన్ల లెక్క తేల్చుకుందాం, మీ ఉత్తరంలో సగం గందరగోళం అక్కడే ఉంది. అది తుపాకిమందు బరువనుకుంటారు చాలామంది. కాదు. తూటాలో ముందు నుంచి ఊడి వెళ్లే ముక్క, అంటే బుల్లెట్, దాని ఒక్కదాని బరువు. ఒక గ్రెయిను దాదాపు 65 మిల్లీగ్రాములు. పాత కంసాలి లెక్కలో తులం అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. కాబట్టి .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ పేలిస్తే పాత తులం బరువు సెకనుకు 820 మీటర్ల వేగంతో వెళుతుందన్నమాట. .243లో 100 గ్రెయిన్లది తులంలో సగం కంటే కొంచెం ఎక్కువ, అది 900 మీటర్ల వేగంతో వెళుతుంది. మీ 6.5లో 140 గ్రెయిన్లది సుమారు తొమ్మిది గ్రాములు, వేగం ఇంచుమించు తులం బుల్లెట్‌ది ఎంతో అంతే.

ఈ మూడింటిలో ఏది తగిలినా, తగలవలసిన చోట తగిలితే, టెక్సాస్ కొండప్రాంతపు తెల్లతోక జింక అక్కడే పడుతుంది, లేదా కొద్ది దూరంలోనే పడుతుంది. అవి పెద్ద జంతువులు కావు. విస్కాన్సిన్ లాంటి ఉత్తరాది చలిప్రదేశాల్లో ముదురు మగవి తొంభై కిలోలు దాటుతాయి గానీ, మీ అల్లుడి వైపు దొరికేవి చాలామటుకు అరవై కిలోల లోపే. దానికి తులం బరువు అక్కర్లేదు. 180 గ్రెయిన్లది ఎల్క్ లాంటి పెద్ద జంతువుల కోసం. సన్నటి జింక పక్కటెముకల మధ్య నుంచి అది పూర్తిగా విచ్చుకోకముందే అవతలికి దూసుకుపోవచ్చు కూడా. .30-06 తీసుకున్నా, దాని తమ్ముడు .308 తీసుకున్నా, జింకకు 150 గానీ 165 గానీ చాలు. 1925 నుంచి ఉన్న .270కు 130 గ్రెయిన్లు. .243కు 95 నుంచి 100. ఇవి ఎవరో నిన్న కనిపెట్టిన అంకెలు కావు, కొన్ని తరాల వేటగాళ్ల అనుభవంలో నిలిచినవి.

మరి మూడూ సరిపోతే 6.5 ఎందుకు? మీ భుజం కోసం.

మా వర్క్‌షాపులో ఒక పరీక్ష పెట్టేవాళ్లం. రైఫిల్ బాగాలేదు, గురి తప్పుతోందని తెచ్చినవాణ్ణి రేంజికి, అంటే గురి అభ్యాసం చేసే మైదానానికి, తీసుకెళ్లి, అతనికి తెలియకుండా ఒకసారి అసలు తూటా, ఒకసారి పేలిపోయిన ఖాళీ తూటా పెట్టి ఇచ్చేవాళ్లం. ఖాళీది ఉన్నప్పుడు ట్రిగ్గర్ లాగితే 'టిక్' అని చప్పుడు మాత్రమే రావాలి, గొట్టం కదలకూడదు. చాలామంది విషయంలో గొట్టం కొస బెత్తెడు కిందికి దిగిపోయేది, కళ్లు గట్టిగా మూసుకుపోయేవి, బొటనవేలు బిగుసుకునేది. పేలుతుందన్న భయంతో ఒళ్లు ముందే ముడుచుకుంటుంది. తప్పంతా తుపాకిదని తెచ్చినవాడి ముఖం అప్పుడు చూడాలి! ఈ ముడుచుకోవడం ఒకసారి అలవాటైతే వదలడం కష్టం. పెద్ద తుపాకితో నేర్చుకున్నవాళ్లకే ఎక్కువగా పట్టుకుంటుంది. తన్ను అంటే పేలగానే తుపాకి వెనక్కి వచ్చి భుజాన్ని కొట్టే దెబ్బ. ఒకే బరువున్న రైఫిళ్లలో .243 తన్ను .30-06 తన్నులో సగం. 6.5 క్రీడ్‌మూర్‌ది మూడింట రెండు వంతులకు మించదు. ఒకే తుపాకి ఇద్దరు పట్టుకునేటప్పుడు ఇద్దరిలో బలహీనమైన భుజాన్ని చూసి కొనాలి. అరవై ఆరేళ్ల భుజం ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు.

.243 ఇంకా మెత్తన కదా అంటారు. నిజమే, 1955 నుంచి ఆడవాళ్లూ పిల్లలూ దానితో లెక్కలేనన్ని జింకల్ని కొట్టారు. కాకపోతే అది గురి తప్పడాన్ని అంతగా క్షమించదు. జింక ఏటవాలుగా నిలబడి భుజం ఎముక అడ్డొస్తే 100 గ్రెయిన్లది కొన్నిసార్లు లోపలికి చాలినంత దూరం వెళ్లదు. 140 గ్రెయిన్ల సన్నటి పొడుగాటి బుల్లెట్ వెళుతుంది. కొత్తవాళ్లకు ఆ కొంచెం వెసులుబాటు ఉండాలని నా ఉద్దేశం. .223తో కూడా కొడతాం అని గొప్పలు చెప్పేవాళ్లు దొరుకుతారు. వాళ్ల మాట వినకండి.

ఇక బరువుకంటే ముఖ్యమైన సంగతి, బుల్లెట్ ఎలా తయారైందన్నది. పెట్టె మీద రెండు రకాలు ఒకే బరువుతో కనిపిస్తాయి. ఒకటి నిండా రాగి తొడుగున్నది, చవక, కాగితం మీద గురి అభ్యాసానికి. అది జింకలోంచి సూదిరంధ్రం పెట్టి వెళ్లిపోతుంది, జంతువు మైలు దూరం పరుగెత్తి ఎక్కడో పొదలో బాధపడి చస్తుంది. చాలా రాష్ట్రాల్లో దాన్ని వేటకు వాడనివ్వరు. రెండోది ముందు భాగంలో సీసం బయటికి కనిపించేది, లేదా ప్లాస్టిక్ మొన ఉన్నది. తగలగానే విచ్చుకుని రెండింతలు వెడల్పవుతుంది. ఇదే కావాలి. ఇందులోనూ సీసాన్ని రాగి తొడుగుకు కరిగించి అతికించిన రకం ఉంటుంది, ముక్కలు కాదు, ఖరీదు ఎక్కువ. తెల్లతోక జింకకు అంత హంగు అనవసరం. మామూలు మెత్తటి ముక్కుదే కొనండి, మిగిలిన డబ్బుతో అభ్యాసానికి మరో రెండు పెట్టెలు కొనండి.

అభ్యాసం ఎలాగంటారా? భోజనానికి వాడే కాగితపు పళ్లెం ఒకటి, దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పుది. జింక గుండె, ఊపిరితిత్తులు కలిసి ఉండే చోటు సుమారుగా అంతే. వంద గజాల దూరంలో దాన్ని కట్టి, బల్లకు ఆనించి కాదు, మోకాలి మీద కూర్చుని, కర్రకు ఆనించి కొట్టమనండి. వరుసగా పడిన తూటాలన్నీ పళ్లెంలోనే ఉంటే ఆ దూరానికి మీ అల్లుడు తయారు. 150 గజాల్లో బయటికి పోతే, అడవిలో 150 గజాల జింక ఆయనది కాదు, అంతే. తూటా పెట్టె వెనక అచ్చేసిన 500 గజాల అంకెలు కంపెనీ రేంజిలో కొలిచినవి, అల్లుడి చేతిలో కొలిచినవి కావు.

చట్టం మాట. మీరు విజిటర్ వీసా మీద వెళ్లే మనిషి. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం అలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి పట్టుకోవడమే నేరం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, అక్కడి రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. కాబట్టి రేంజిలో సరదాగా ఒక్కసారి పేలుద్దామన్నా సరే, ముందు టెక్సాస్ లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకోండి. 1971 సెప్టెంబరు 2న, ఆ తరువాత పుట్టినవాళ్లు అక్కడ వేటగాళ్ల శిక్షణ పూర్తిచేయాలి. మీకు ఆ బాధ లేదు, మీ అల్లుడికి ఉంది. సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది, శిక్షణ ఇప్పుడే ముగించమనండి.

ప్రశ్న: మా అబ్బాయి ఒహాయోలో కొలంబస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, హెచ్-1బి వీసా. జింకల కోసం .308 కొన్నాడు. ఇప్పుడు ఎవరో అది అక్కడ జింకలకు పనికిరాదన్నారట. అంత పెద్ద తుపాకి చిన్న జింకకు పనికిరాకపోవడం ఏమిటి? మోసపోయాడేమో అని నా భయం.
— ఒక తల్లి, అన్నానగర్, చెన్నై

జవాబు: మోసమేమీ లేదమ్మా. తుపాకి మంచిదే, రాష్ట్రం వేరు. .308 తూటా మెడ దగ్గర సన్నబడి ఉంటుంది, సీసాలాగా. దానివల్ల మందు ఎక్కువ, బుల్లెట్ సన్నం, వేగం ఎక్కువ, గురి తప్పితే చాలా దూరం పోతుంది. ఒహాయోలో చాలామటుకు చదునైన నేల, పొలాల మధ్య ఇళ్లు. అందుకని అక్కడ జింకలకు పైనుంచి కిందిదాకా తిన్నగా ఉండే తూటాల రైఫిళ్లనే అనుమతిస్తారు, లేదా షాట్‌గన్‌లో ఒంటి గుండు. 2019లో వచ్చిన .350 లెజెండ్ అచ్చంగా ఇలాంటి రాష్ట్రాల కోసమే తయారైన తూటా, 150 నుంచి 180 గ్రెయిన్ల బుల్లెట్లతో దొరుకుతుంది. తన్ను తక్కువ, 150 గజాల లోపు జింకకు హాయిగా సరిపోతుంది. ఉన్న .308ను వెస్ట్ వర్జీనియా లాంటి పక్క రాష్ట్రానికి వెళ్లినప్పుడు వాడుకోవచ్చు, అమ్మేయనక్కర్లేదు.

పై ఉత్తరానికి చెప్పిన వీసా సంగతి మీవాడికీ వర్తిస్తుంది. హెచ్-1బి కూడా ఆ కోవలోదే. కొన్నాడంటే వేట లైసెన్సు చూపించే కొని ఉంటాడు. ఆ లైసెన్సు గడువు తీరిపోనివ్వవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. తుపాకి బీరువాలో ఉండి, లైసెన్సు చెల్లకుండా పోతే అది చిన్న తప్పు కాదు, వీసాకే ఎసరు.

ప్రశ్న: మా తాతగారి నాటి .315 రైఫిల్ ఉంది, లైసెన్సు నా పేరు మీదే. రాగి చేలోకి దుప్పులు దిగుతున్నాయి. దానికి ఎన్ని గ్రెయిన్ల తూటా వాడాలి?
— ఒక రైతు, హోసూరు దగ్గర

జవాబు: ఏదీ వాడకూడదు.

తుపాకి లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దుప్పిని కొట్టడం నేరం, చేను మీదే అయినా సరే. పంట నాశనమవుతుంటే చట్టంలో దారి లేకపోలేదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనో, ఆయన అధికారమిచ్చిన అధికారో కారణాలు చూపించి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అది వచ్చేదాకా మీ పని అటవీ రేంజి కార్యాలయంలో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టడం, ఫొటోలు తీసి ఉంచడం.

.315 సంగతి అడిగారు కాబట్టి చెబుతాను. సైన్యం వాడే .303 తూటా జనం చేతుల్లో ఉండకూడదని ఆంగ్లేయులు పెట్టిన కట్టడి వల్ల ఈ దేశంలో వాడుకలోకి వచ్చిన తూటా ఇది. నిజానికి పాత ఆస్ట్రియా సైన్యపు 8 మి.మీ. మాన్లిషర్ తూటాయే. పూణే దగ్గరి ఖడ్కీ తూటాల ఫ్యాక్టరీది 244 గ్రెయిన్ల మెత్తటి ముక్కుతో వస్తుంది, అంటే తులంపావు కంటే ఎక్కువే. బరువెక్కువ, వేగం తక్కువ. మా నాన్నగారి కాలంలో వేటగాళ్లు దాన్ని తెగ మెచ్చుకునేవారట. మీ తాతగారి రైఫిల్ గొట్టం లోపల తుప్పు పట్టకుండా నూనె గుడ్డ తిప్పుతూ ఉండండి, వానాకాలంలో మరీను. అంతకు మించి దానికి పని పెట్టకండి.

ప్రశ్న: అడయారులో మా హాస్టల్ దగ్గర చుక్కల దుప్పులు తిరుగుతుంటాయి, వాటి దరిదాపుల్లో కుక్కను కూడా రానివ్వరు. టెక్సాస్‌లో అదే దుప్పిని ఏడాదంతా కొట్టవచ్చని విన్నాను. అది ఆ దుప్పేనా?
— ఒక విద్యార్థి, చెన్నై

జవాబు: ఆ దుప్పే. అక్కడ దాన్ని ఆక్సిస్ డీర్ అంటారు. 1932లో టెక్సాస్‌కు తీసుకెళ్లారు, మన కృష్ణజింకను కూడా ఆ ఏడే. హవాయికి అంతకంటే ముందే, 1860లలో, రాజుగారికి కానుకగా వెళ్లింది. పులి లేదు, చిరుత లేదు, ధోల్ అనే అడవికుక్క లేదు, ఇక అడ్డేముంది? అక్కడి సొంత జింక లేత ఆకులూ పూలమొక్కలూ తిని బతుకుతుంది. మన దుప్పి అవి అయిపోతే గడ్డికి మారిపోతుంది, తెల్లతోక జింక మారలేదు. కరువొస్తే ఆకలితో ఉండేది అక్కడి స్థానికురాలే. అందుకే దుప్పికి టెక్సాస్‌లో సీజనూ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు, వేట లైసెన్సు ఉంటే చాలు. మన దేశంలో అది తన ఇంట్లో ఉంది. గిండీలోని 2.7 చదరపు కిలోమీటర్ల అడవి ముక్కకు కాపలా పెట్టి కాపాడుకోవడం మన వంతు. రెండు చట్టాలూ సరైనవే, ఒకే జంతువు విషయంలో.

మగ దుప్పి టెక్సాస్ తెల్లతోక కంటే బరువైనది, చర్మమూ మెడా దిట్టం. దానికి .308లో 165 గ్రెయిన్లు, 6.5లో 140కి తగ్గకుండా అని నా సలహా. అక్కడి మనుబోతుల (నీల్గాయ్) జోలికి వెళ్లేవాళ్లు మాత్రం ఈ మాటలన్నీ పక్కన పెట్టాలి. మగ మనుబోతు రెండు వందల కిలోలు దాటుతుంది. అక్కడ .30-06, 180 గ్రెయిన్ల అతికించిన బుల్లెట్ కనీసం.

మీరు వేటకు వెళ్లేది లేకపోయినా ఒక మాట. మీ హాస్టల్ దుప్పి మీకు పూర్తిగా పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందు కాలి వెనక అంచు నుంచి పైకి ఒక గీత ఊహించండి. పొట్ట నుంచి వీపుకున్న ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగండి. గుండె పైభాగమూ ఊపిరితిత్తులూ అక్కడ. అది మీ వైపు తల తిప్పి, ఒళ్లు కాస్త ఎదురుగా మలుపుకోగానే ఆ చోటు ముందుకి జరిగి భుజం ఎముక వెనక దాక్కుంటుంది. ఫోనుతో పది రకాలుగా ఫొటోలు తీసి చూస్తే, టెక్సాస్‌లో ఓపిగ్గా కూర్చున్న వేటగాడు అరగంట సేపు ట్రిగ్గర్ ఎందుకు లాగడో అర్థమవుతుంది.

ప్రశ్న: మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ రాగి బుల్లెట్లే వాడాలట. .308లో 165 సీసం వాడేవాడు. రాగిలో అదే బరువు తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, పోరూరు, చెన్నై

జవాబు: 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసం పూర్తిగా నిషేధం. చచ్చిన జంతువుల కళేబరాల్లో సీసం తిని కాండర్ రాబందులు చచ్చిపోతుండడం దానికి పెద్ద కారణం. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది. పైగా రాగి విచ్చుకోవడానికి వేగం కావాలి. అందుకని ఒక మెట్టు దిగి 150 తీసుకోమనండి, 130 అయినా జింకకు బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే రాగి ముక్కలై పోదు, బరువంతా చివరిదాకా ఉంటుంది. మార్చాక గురి మళ్లీ సరిచూసుకోవాలి, పాత తూటా పడిన చోట ఇది పడదు.

సీసం వాడే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకూ ఒక మాట. సీసపు పొడి కంటికి కనిపించకుండా గాయం చుట్టూ జానెడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ దూరం మాంసంలోకి వెళుతుంది. చిన్నపిల్లలు, గర్భిణులు తినే ఇంట్లో ఆ భాగం ధారాళంగా కోసి పారేయాలి, పులుసుకు వస్తుందని దాచుకోకూడదు.

ప్రశ్న: పాత .30-30 చవగ్గా వస్తోందట, మా అన్నయ్య అడగమన్నాడు. పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: నిక్షేపంగా. 1895 నుంచి జింకల్ని కొడుతున్న తూటా, 150 గానీ 170 గానీ, 150 గజాల లోపు. లీవరుతో పనిచేసే ఆ రైఫిళ్లలో తూటాలు గొట్టం కింద మరో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. ఒకదాని మొన ముందున్నదాని నిప్పుటోపీకి, అంటే తూటా వెనక మందును అంటించే చిన్న మూతకు, ఆనుతుంది. అందుకే మొన చదునుగా ఉన్నవే వాడాలి, లేదా దానికోసమే తయారైన మెత్తటి రబ్బరు మొన ఉన్నవి. మామూలు సూదిమొన తూటాలు అందులో ఎక్కిస్తే తన్నుకు ఆ కింది గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. కొనేముందు గొట్టం లోపల దీపం వేసి చూడమనండి, మెలితిరిగి ఉండే గాడులు స్పష్టంగా కనిపించాలి. కొసన అరిగి గుండ్రంగా అయిపోయి ఉంటే బేరమాడవద్దు, వదిలేయమనండి.